జిల్లేడుకాయలు, పూర్ణం కుడుములు: నాలుగు ఆదివారాలు, ఒక చవితి పొద్దు

2025 ఆగస్టు 27, బుధవారం, వినాయక చవితి. ఆ పొద్దున నైవేద్యానికి 21 జిల్లేడుకాయలు, 21 పూర్ణం కుడుములు నా చేతుల మీదుగా అయ్యాయి. రెండూ బియ్యప్పిండి తొడుగుతో చేసి ఆవిరి మీద ఉడికించేవే. జిల్లేడుకాయలో కొబ్బరి, బెల్లం కలిపి ఉడికించిన లౌజు పెడతాం, కుడుములో శనగపప్పు, బెల్లం పూర్ణం. ఇన్నేళ్ళూ మా ఇంట్లో ఈ పని అత్తయ్యగారిది. ఈ ఏడు మణికట్టు నొప్పి వల్ల ఆవిడ వేడి పిండి పిసకలేని పరిస్థితి. చేస్తానని నేను ఒప్పుకున్నది జులై చివర్లో.

ఒప్పుకున్నాక గానీ అసలు కష్టం తెలియలేదు. నైవేద్యం పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. ఉప్పు చాలిందా, తీపి సరిపోయిందా అని నాలుక మీద వేసుకునే వీలు లేదు. పైగా ముందురోజు వండింది దేవుడికి పెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. లౌజు, పూర్ణం, పిండి, అన్నీ ఆ పొద్దునే వండాలి, పదకొండింటి పూజకి ముందే దించాలి. రుచి చూడకుండా వండాలంటే కొలతలు ముందే ఖాయం కావాలి. అందుకే ఆగస్టు మొదటి ఆదివారం నుంచే సాధన మొదలుపెట్టాను. ఏ రోజు ఏం చెడిందో, ఎందుకు చెడిందో, చివరికి ఏ కొలత నిలిచిందో వరుసగా రాస్తున్నాను.

ఆగస్టు 3, మొదటి ఆదివారం

అత్తయ్యగారు చెప్పిన కొలత: గ్లాసు పిండికి అర గ్లాసు నీళ్ళు, పైన ఒక చారెడు. ఇంట్లో ప్యాకెట్ బియ్యప్పిండి ఉంది. గ్లాసు కొలిచి, నీళ్ళు మరిగించి, చిటికెడు ఉప్పు, చెంచా నెయ్యి వేసి, పిండి పోసి, పొయ్యి కట్టేసి మూత పెట్టాను. పది నిమిషాల తరువాత మూత తీస్తే గిన్నెలో సగం పొడి పొడిగానే ఉంది. పిసికితే ముద్ద కావడం లేదు. చన్నీళ్ళు చిలకరించి ఎలాగో ముద్ద చేశాను. బిళ్ళ చేసి మడవగానే వంపు దగ్గర అడ్డంగా చీలింది. చీలిన చోట తడి వేలితో రాసి ఆవిరికి పెడితే, దించేటప్పటికి ఆ గీతలన్నీ నోళ్ళు తెరిచాయి. ఎనిమిది చేస్తే ఎనిమిదీ అంతే.

తప్పు ఆవిడ కొలతలో లేదు. ఆవిడ కొలత తడి పిండికి. నానబెట్టిన బియ్యం మరాడించి, ఆరకముందే జల్లించిన పిండిలో నీళ్ళు ముందే ఉంటాయి. ప్యాకెట్ పిండి ఎండుది, దానికి ఆ నీళ్ళు కూడా కలిపి ఇవ్వాలి. కాటా మీద తూచి చూశాక లెక్క తేలింది. మా ఇంటి గ్లాసు 200 మి.లీ. పడుతుంది. అందులో ప్యాకెట్ పిండి 150 గ్రాములు పట్టింది. దానికి నేను పోసింది 120 మి.లీ. కూడా లేదు. కావలసింది 200 నుంచి 210 మి.లీ.

చన్నీళ్ళు ఎందుకు పనికిరాలేదంటే, బియ్యప్పిండిలో గోధుమపిండికి ఉండే సాగుడు గుణం లేదు. దాన్ని పట్టి ఉంచేది ఉడికిన పిండిలోంచి వచ్చే జిగురు ఒక్కటే. మరిగే నీళ్ళు తగిలిన పిండి ఉబ్బి జిగురవుతుంది, మిగతా పిండిని అది అంటిపెట్టుకుంటుంది. చన్నీళ్ళు తగిలిన చోట పిండి తడుస్తుంది గానీ ఉడకదు. చేతికి ముద్దలాగే తెలుస్తుంది, ఆవిరి తగలగానే అక్కడే విడిపోతుంది. ముద్ద గట్టిపడితే చేర్చాల్సింది వేడినీళ్ళే, అదీ చెంచా చెంచాగా.

ఆగస్టు 8, శుక్రవారం

ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. చవితి పనికి సంబంధం లేదనుకున్నాను కానీ పూర్ణం గురించి నేర్చుకున్నది ఆ రోజే. బూరెల కోసం శనగపప్పు కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చేదాకా ఉంచాను. పప్పు గుజ్జయిపోయింది. వార్చినా నీళ్ళు దిగలేదు, గుజ్జే పట్టేసుకుంది. బెల్లం వేశాక ఇంకా జారయ్యింది. అరగంట కలిపినా ఉండ చేస్తే మెల్లగా చదునైపోయింది. నూనెలో వేసిన బూరెల్లో మూడోవంతు చిట్లి, పూర్ణం నూనెలోకి వచ్చి మాడింది. మూకుడు నూనె మొత్తం పారపోయాల్సి వచ్చింది. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. నూనెలో చిట్లేది ఆవిరిలోనూ చిట్లుతుంది.

అప్పటి నుంచి శనగపప్పు కుక్కర్లో పెట్టడం మానేశాను. గంటకు పైగా నానబెట్టి, మూతలేని గిన్నెలో పప్పు మునిగాక పైన ఇంకో రెండు అంగుళాలు ఉండేలా నీళ్ళు పోసి ఉడికిస్తే 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పప్పు చూడటానికి పలుకుగానే ఉండాలి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే గట్టి పలుకు తగలకుండా నలిగిపోవాలి. ఆ రెండూ కలిసి ఉండేది నాలుగైదు నిమిషాలే, తరువాత పప్పు విచ్చుకోవడం మొదలవుతుంది. దగ్గరే నిలబడాలి. వార్చాక చిల్లుల గిన్నెలో పావుగంట వదిలేస్తే ఆవిరి పోయి పైన ఆరుతుంది. అప్పుడు నీటి చుక్క లేకుండా మిక్సీలో తిప్పాలి. వార్చిన కట్టు చారుకు పనికొస్తుంది, పారపోయకండి.

ఆగస్టు 10

పైపిండి ఈసారి లొంగింది. ప్యాకెట్ పిండి 200 గ్రాములు, నీళ్ళు 280 మి.లీ. వేడి మీద పిసికితే నున్నగా వచ్చింది, మడిస్తే చీలలేదు. చెడింది కొబ్బరి లౌజు.

కాయ లేతది. కొట్టినప్పుడు నీళ్ళు ఎక్కువ, కొబ్బరి పల్చన, కోరితే తడితడిగా వచ్చింది. బెల్లం కంటితో చూసి వేశాను. బెల్లం కరగగానే అంతా పల్చనవుతుంది, తరువాత దగ్గరపడుతుంది. దగ్గరపడినట్టే కనిపించింది కానీ అది పైపైనే. చల్లారాక గిన్నె వంచితే అడుగున పాకం ఓ మూలకు జారింది. ఆ పాకం మడతల అంచుకు తగిలిన ప్రతి జిల్లేడుకాయా ఆవిరిలో విచ్చుకుంది. కింద గిన్నెలో నీళ్ళు కాఫీ రంగుకు తిరిగాయి.

అంచుకు తీపి తగిలితే పిండి అతకదు. ఎంత గట్టిగా నొక్కినా వేడి తగలగానే ఆ పాకం కరిగి జారి, దారి చేసుకుంటుంది. కాబట్టి లోపలిది పొడిగా ఉండాలి, ఉండలుగా ముందే చేసి పెట్టుకోవాలి, బిళ్ళ మధ్యలో పెట్టాలి, చుట్టూ వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. చెంచాతో లౌజు వేస్తే అంచు మీద పడకుండా ఆపడం నా వల్ల కాలేదు. ఉండలు చేసుకుంటే ఆ బాధే లేదు.

నిలిచిన కొలత: కోరిన కొబ్బరి 250 గ్రాములు, బెల్లం 150 గ్రాములు. కొబ్బరి ముదురుకాయది కావాలి, అలాగని లోపలే ఎండిపోయిన కురిడీ వద్దు, నూనె ఊరుతుంది. తెల్లటి భాగమే కోరాలి, పెంకువైపు గోధుమరంగు పొర పడితే తొడుగులోంచి నల్ల చుక్కల్లా కనిపిస్తుంది. బెల్లం రెండు చెంచాల నీళ్ళతో కరిగించి వడకడితే ఇసుక పోతుంది. రెండు చెంచాలే సుమా, పోసిన ప్రతి చుక్కా మళ్ళీ ఇగరాలి. మధ్యస్తం మంట మీద 14 నుంచి 16 నిమిషాలు. మూకుడు అంచులు వదిలి ముద్దగా తిరుగుతుంటే కొంచెం తీసి, చల్లార్చి, వేళ్ళ మధ్య ఉండ చేయాలి. ఉండ నిలవాలి, వేళ్ళకు పాకం అంటకూడదు. ఇంకో రెండు నిమిషాలు ఎక్కువైతే చల్లారాక కొబ్బరుండలా గట్టిపడి, మడిచేటప్పుడు తొడుగును గుచ్చుతుంది.

పూర్ణానికి శనగపప్పు 125 గ్రాములు, బెల్లం 125 గ్రాములు. దీనికి పది పన్నెండు నిమిషాలు చాలు. దించే ముందు యాలకుల పొడి, చెంచా నెయ్యి. రెండూ పూర్తిగా చల్లారాలి. వెచ్చగా ఉన్న పూర్ణం పెడితే తొడుగు లోపలివైపు మెత్తబడి పల్చనవుతుంది.

ఆగస్టు 17

ఇక ప్యాకెట్ పిండి వదిలి తడి పిండికి వచ్చాను. రెండూ చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను, తేడా చాలా ఉంది. ప్యాకెట్ పిండి తొడుగు చల్లారగానే బిరుసెక్కింది. తడి పిండిది సాయంత్రందాకా మెత్తగా ఉంది.

శనివారం రాత్రే బియ్యం మిక్సీ పట్టి, జల్లించి, డబ్బాలో పోసి గట్టు మీద పెట్టాను. పొద్దున మూత తీస్తే పులిసిన వాసన. మబ్బు పట్టి ఉక్కగా ఉన్న రాత్రి తడి పిండి తెల్లారేదాకా నిలవదు. అంతా పోయింది. మళ్ళీ బియ్యం నానబెట్టి నాలుగు గంటలు ఆగాను. అప్పుడు అర్థమైంది, నానబెట్టడం రాత్రి చేసుకోవచ్చు కానీ మిక్సీ పట్టడం పొద్దునే జరగాలి.

పిండి పని ఇలా స్థిరపడింది. పాత సోనా మసూరి బియ్యం 500 గ్రాములు కడిగి నానబెట్టి, వార్చి, పంచె మీద నీడలో 40 నిమిషాలు పరిచాను. గుప్పిట పట్టి వదిలితే నాలుగు గింజలు చేతికి అంటుకోవాలి, నీళ్ళు మాత్రం రాకూడదు. ఆ తడి మీద బియ్యం 640 గ్రాములు తూగింది. మిక్సీ చిన్న జారులో సగానికే వేసి ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే జారు వేడెక్కి పిండి అడుగున గడ్డకడుతుంది. సన్నజల్లెడలో జల్లిస్తే 600 గ్రాముల పిండి దిగింది, 40 గ్రాములదాకా నూక మిగిలింది. ఆ నూకను ఉండ్రాళ్ళ రవ్వలో కలిపేస్తే సరిపోతుంది.

నీళ్ళు: 200 గ్రాముల తడి పిండికి 175 మి.లీ. పావు చెంచా ఉప్పు, ఒక చెంచా నెయ్యి. నీళ్ళు తెర్లగానే పిండి పోయాలి. పిండి కోసం అటు తిరిగి మూడు నిమిషాలు ఆలస్యం చేస్తే వెడల్పు గిన్నెలో 30 మి.లీ. ఆవిరైపోతాయి, ఆ తేడాకే చీలికలు వస్తాయి. పిండి నీళ్ళ పక్కనే తూచి సిద్ధంగా ఉండాలి. పోసి, గరిటె కాడతో నాలుగు తిప్పులు తిప్పి, పొయ్యి కట్టేసి, మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు. తరువాత చెయ్యి కాలుతుందనిపించే వేడి మీదే నెయ్యి రాసుకుని పిసకాలి. అరచేతి మడమతో తోస్తూ ఐదు నిమిషాలు. చిన్న ఉండ చేసి బొటనవేలితో నొక్కితే అంచు పగలకుండా గుంట పడాలి. పగిలితే చెంచా వేడినీళ్ళు చేర్చాలి. వేలికి అంటుకుంటే నీళ్ళు ఎక్కువైనట్టు, అప్పుడు చెంచా పొడిపిండి చల్లి పిసికితే కొంతవరకు సర్దుకుంటుంది.

ఆ రోజు పిండి బాగుంది, లౌజు బాగుంది. చెడింది ఆవిరి దగ్గర. ఇడ్లీ పాత్ర మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా కాయల మీద పడి, పడిన చోట పిండి జిగటగా, తెల్లటి మచ్చలుగా మారింది. పైవరసవన్నీ పాడు, కిందవరస చక్కగా ఉన్నాయి. ఇంకో పొరపాటు, పచ్చిగా ఉంటాయేమోనని 20 నిమిషాలు ఉంచాను. లోపలి బెల్లం కరిగి తొడుగులోకి ఇంకింది, రెండు కాయల అడుగు ఊడి పళ్ళేనికే ఉండిపోయింది.

మూతకు పొడిగుడ్డ చుట్టి, కొసలు పైకి ముడివేస్తే చుక్క పడదు. కొసలు కింద వేలాడితే మంట అంటుకుంటుంది, అది గమనించుకోవాలి. సమయం, కింద నీళ్ళు తెర్లాక లోపల పెట్టి 11 నిమిషాలు. తడి వేలితో తాకితే అంటకూడదు, పైన మెరుపు రావాలి. కట్టేశాక ఐదు నిమిషాలు ఆగి తీయాలి. వెంటనే తీయబోతే చిరుగుతాయి.

పాత రోజుల్లో గిన్నె మూతికి గుడ్డ బిగించి వాసెన కట్టి కుడుములు ఉడికించేవారు. అందులో తొడుగు అడుగు చెమర్చదు. చేసి చూశాను, నిజమే, కానీ ఒక్కసారికి ఏడు కంటే ఎక్కువ పట్టలేదు. 42 చేయాలంటే కుదరదు.

ఆగస్టు 24, గడియారంతో

ఈ ఆదివారం రుచికోసం కాదు, సమయం కోసం. మొత్తం 42 చేసి ప్రతి పనికీ నిమిషాలు రాసుకున్నాను.

నన్ను ఆశ్చర్యపరిచింది పొయ్యి. చేతిపనే ఆలస్యం చేస్తుందనుకున్నాను. ఇడ్లీ గుంటల్లో జిల్లేడుకాయ పట్టదు, వంగిపోతుంది. చదును చిల్లుల పళ్ళేలు రెండు, వాటి మీద నెయ్యి రాసిన అరటాకు ముక్కలు, ఒక్కో పళ్ళెంలో ఏడు. అంటే ఒక వాయికి 14, మొత్తం మూడు వాయిలు. 11 నిమిషాలు ఉడకడం, 5 నిమిషాలు ఆగడం, నీళ్ళు నింపి మళ్ళీ తెర్లించడం, వాయికి 20 నిమిషాలకు తక్కువ కాదు.

అందుకని పిండి కూడా మూడు వాయిలకు మూడుసార్లు చేసుకోవాలి. 600 గ్రాములూ ఒకేసారి ఉడకేస్తే చివరి మూడోవంతు చల్లారి బిగుస్తుంది. 200 గ్రాముల పిండితో 350 గ్రాముల పైచిలుకు ముద్ద వస్తుంది, 25 గ్రాముల ఉండలు 14 సరిగ్గా అవుతాయి. లోపలి ఉండ 15 గ్రాములు. ఒక వాయి ఉడుకుతుండగా తరువాతి పిండి.

జిల్లేడుకాయకు బిళ్ళను నెయ్యి రాసిన అరటాకు మీద వేళ్ళతో ఒత్తాలి, నడుమ కొంచెం మందంగా, అంచు పల్చగా, సుమారు ఎనిమిది సెంటీమీటర్లు. ఉండను కొంచెం కోలగా చేసి పెట్టి, ఆకుతో సహా మడిచి, నడుమ నుంచి అంచులవైపు గాలి తోసేస్తూ నొక్కాలి. గాలి లోపల చిక్కితే ఆవిరిలో ఉబ్బి కుట్టు విప్పుతుంది. రెండు కొసలూ కొంచెం లాగి సన్నం చేస్తేనే జిల్లేడు కాయ పోలిక వస్తుంది. పూర్ణం కుడుముకు అరచేతిలోనే దొప్పలా చేసి, ఉండ పెట్టి, నోరు మూసి, మూసిన వైపు కిందకు పెట్టాలి.

ఒక్కదాన్నే చేస్తే 14కి 35 నిమిషాలు పట్టింది. అత్తయ్యగారు పక్కన కూర్చుని అంచులు నొక్కి ఇస్తే 20. ఆవిడ చేతికి పిసకడమే కష్టం, నొక్కడం కాదు. కాటా మీద ఆవిడ చేసిన ఉండలు పెట్టి చూశాను. పదింటిలో ఎనిమిది 24 నుంచి 26 గ్రాముల మధ్య ఉన్నాయి. నేను తూచి తూచి తెచ్చుకున్నది ఆవిడ వేళ్ళలో ముందే ఉందని చూసి కళ్ళు చెమర్చాయి.

ఖర్చు ఇక్కడే చెప్పేస్తాను. నాలుగు ఆదివారాల సాధనకు కొబ్బరికాయలు, బెల్లం, పప్పు, నెయ్యి, యాలకులు కలిపి 560 రూపాయలయ్యాయి. పారపోసిన బూరెల నూనె వేరే. పండగ రోజుకు 270 రూపాయలు, అందులో కొబ్బరికాయలు 80, యాలకులు పది గ్రాములు 40, అరటాకులు 30. బియ్యం ఇంట్లోవి. కాటాకు 350 పెట్టాను, అది ఎప్పటికీ ఉంటుంది.

ఆగస్టు 26 రాత్రి, 27 పొద్దున

రాత్రి పదింటికి బియ్యం కడిగి నానబెట్టాను. నానబెట్టడం వండటం కాదు కాబట్టి పట్టింపు లేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

నాలుగింటికి స్నానం. 4:20కి శనగపప్పు నానబెట్టి, బియ్యం వార్చి పంచె మీద వేశాను. ఐదింటికి కొబ్బరికాయ కొట్టాను. లోపల కుళ్ళింది. గుండె జారిపోయింది. రెండో కాయ కొనమని ముందురోజే అత్తయ్యగారు పట్టుబట్టారు కాబట్టి పని ఆగలేదు. ఆ గంటలో కొబ్బరికాయ ఎక్కడ దొరుకుతుంది? కాయ ఎప్పుడూ ఒకటి ఎక్కువ తెచ్చుకోండి. పప్పు, బెల్లం ముందే చూసుకోవచ్చు, కొబ్బరికాయ మాత్రం పగలగొడితే గానీ తెలియదు.

5:10కి మిక్సీ, 5:45కి పిండి జల్లించడం అయింది. 5:40కి పొయ్యెక్కిన పప్పు 6:20కి దిగింది. 6:40 నుంచి ఒక పొయ్యి మీద పూర్ణం, ఇంకో పొయ్యి మీద లౌజు. రెండూ ఒకేసారి పెట్టడం సాధనలో ఎప్పుడూ చేయలేదు, చేయకూడదు కూడా. రెండింటికీ ఆఖరి రెండు నిమిషాలే కీలకం, రెండు చేతులూ ఒకేసారి రెండు మూకుళ్ళలో తిరగవు. పూర్ణం ముందు దించి లౌజు మీద పడ్డాను, దేవుడి దయవల్ల అడుగంటలేదు. 7:10కి రెండూ పళ్ళేల్లో పరిచి ఫ్యాను కింద పెట్టాను. చల్లారడానికి అరగంట.

7:40కి మొదటి పిండి. 8:20కి మొదటి వాయి లోపలికి వెళ్ళింది, 14 జిల్లేడుకాయలు. ఆ 11 నిమిషాలూ తరువాతి పిండి తూస్తూనే ఉన్నాను గానీ మనసంతా మూత మీదే. కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి, మూత ఎత్తాను. తెల్లగా, మెరుస్తూ, ఒక్క చీలిక లేకుండా 14. నోట మాట రాలేదు. అత్తయ్యగారు మాత్రం మామూలుగా, "దించెయ్యమ్మా, రెండోది పెట్టు" అన్నారు.

రెండో వాయిలో మిగిలిన ఏడు జిల్లేడుకాయలు, ఏడు పూర్ణం కుడుములు. 8:55కి వెళ్ళాయి, బాగానే దిగాయి. మూడో వాయి దగ్గర తడబడ్డాను. పూజ పళ్ళెం ఎక్కడుందని ఎవరో అడిగితే వెళ్ళి వెతికి ఇచ్చి, పది నిమిషాల తరువాత వచ్చాను. పిండి మీద కప్పిన తడిగుడ్డ ఓ పక్క తొలగి ఉంది. నాలుగు ఉండలు దొప్ప చేస్తుంటే అంచులు పగిలాయి.

"అత్తయ్యా, పిండి విరిగిపోయింది."

"విరగలేదమ్మా, ఆరింది. వేడినీళ్ళలో చెయ్యి ముంచి మళ్ళీ పిసుకు."

అదే చేశాను. రెండు నిమిషాల్లో దారికొచ్చాయి. చీలికంటే నీళ్ళు తక్కువయ్యాయనే నాలుగు వారాలూ అనుకున్నాను. కొలత సరిగ్గా ఉన్నా పైపొర ఆరితే చీలిక అలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే, ఆరిన పిండి లోపల మెత్తగా ఉంటుంది, పైన మాత్రమే పగుళ్ళు. దానికి చేతి తడి చాలు. నీళ్ళు చేర్చి ఉంటే ముద్ద జారయ్యేది.

9:50కి ఆఖరి పళ్ళెం దిగింది. పూజ మొదలై, పత్రి పూజ అయ్యి, కథ చదివి నైవేద్యం దాకా వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. రెండు గంటలు మూత లేకుండా ఉంచితే పైన తోలులా ఎండుతాయి, వేడి మీద గట్టిగా మూత పెడితే చెమర్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పావుగంట ఆరనిచ్చి, నెయ్యి చేత్తో ఒక్కోదాన్నీ తాకి, ఎడంగా పేర్చి, పైన అరటాకు కప్పాను. నైవేద్యం వేళకు మెత్తగానే ఉన్నాయి.

ప్రసాదం నోట్లో పెట్టుకున్నాకే రుచి తెలిసింది. జిల్లేడుకాయ తొడుగు ఉప్పు సరిపోయింది, పల్చగా వచ్చింది, లౌజు పొడిపొడిగా ఉంది. కానీ రెండింటిలోనూ చివర్న కొంచెం ఉప్పదనం తగిలింది. పూర్ణంలో బాగా తెలిసింది. ఉప్పు ఎక్కువ వేశానేమోనని కంగారుపడ్డాను. తరువాత డబ్బాలో మిగిలిన బెల్లం ముక్క నాకి చూస్తే అదే ఉప్పదనం. సాధనకు వాడిన బెల్లం అయిపోయి పండగకు వేరే బెల్లం తెచ్చాను, కొన్ని బెల్లాలు అలా ఉంటాయి. వంట మొదలయ్యాక రుచి చూడకూడదు గానీ కొనేటప్పుడు చూడొచ్చు. పండగ బెల్లం, సాధన బెల్లం ఒకే దిమ్మలోంచి ఉండాలి. పిల్లలు పట్టించుకోలేదు, నాకు మాత్రం ఆ రోజంతా మనసులో ఉండిపోయింది.

మధ్యాహ్నానికి 42లో 29 అయిపోయాయి. మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే రాయిలా అవుతాయి, ఉడికిన బియ్యప్పిండి చల్లదనానికి బిగుసుకుంటుంది. మళ్ళీ నాలుగు నిమిషాలు ఆవిరికి పెడితే మెత్తబడతాయి. అడుగు కొద్దిగా చిరిగినవి ఉంటే ఆవిరికి పెట్టకుండా, నడిమికి కోసి నేతిలో రెండువైపులా కాల్చండి. మర్నాడు పొద్దున కాఫీతో మేం తిన్నవి అవే.

2026 చవితి సెప్టెంబరు 14, సోమవారం. నోటుపుస్తకంలో ఆ పేజీ మీద రాసి పెట్టుకున్నవి: కొబ్బరికాయలు మూడు. పూర్ణం దించాకే లౌజు పొయ్యెక్కాలి. బెల్లం రుచి చూసి కొనాలి. తడిగుడ్డ పెద్దది. నీళ్ళు 175 పాత బియ్యానికి, కొత్త బియ్యమైతే 160తో మొదలుపెట్టి చూడాలి.